విప్పి చూడని మూట

ఉమ్మడి అనంతపురం జిల్లా ముప్పై ఏళ్ల వాన లెక్కలన్నీ ఒకే ఫైల్లో పెట్టారనుకుందాం. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయే నాటికి ఇక్కడ 63 మండలాలు. మండలానికి రోజుకొక వరస చొప్పున వేస్తే ముప్పై ఏళ్లకు దాదాపు 6 లక్షల 90 వేల వరసలు. ఒక్కో వరసలో మండలం పేరు, తేదీ, ఆ రోజు పడిన వాన మిల్లీమీటర్లలో. పేర్లు తెలుగులో రాసుకుని, వరసకు 50 బైట్లు వేసుకున్నా ఫైలు 34 ఎంబీ దాటుతుంది. జీమెయిల్ అటాచ్‌మెంట్ హద్దు 25 ఎంబీ. పోదు.

అదే ఫైలును టెర్మినల్లో, అంటే కమాండ్లు టైపు చేసే తెర మీద, ఒక్క కమాండ్‌తో కుదిస్తే పదో వంతు కన్నా కిందికి దిగుతుంది. దానికి కారణం సాఫ్ట్‌వేర్‌లో సగం ఉంటే, మన ఆకాశంలో సగం ఉంది. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అక్కడే పిండేస్తాయి. ఈశాన్యపు వాన కోస్తా దాటి ఇంత లోపలికి వచ్చేసరికి పలచబడిపోతుంది. ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల దరిదాపు, అదీ కొద్ది రోజుల్లోనే. కాబట్టి ఆ ఫైల్లో చివరి గడి నిండా సున్నా, సున్నా, సున్నా. కంప్రెషన్ పనిచేసేదే పునరుక్తి మీద. రైతును ముంచిన సున్నాలే ఫైలు కుదించేవాడికి కలిసొస్తాయి.

1948లో క్లాడ్ షానన్ తేల్చి చెప్పిన సంగతి ఇదే: ముందే ఊహించగలిగిన కబురులో సమాచారం తక్కువ, ఊహకు అందని కబురులో ఎక్కువ. జూలైలో కళ్యాణదుర్గంలో ఇవాళ చినుకు పడలేదంటే ఎవరూ తల తిప్పి చూడరు. ఒక్క రాత్రిలో 100 మిల్లీమీటర్లు పడిందంటే ఊరంతా చెరువు కట్ట మీదే ఉంటుంది. ఫైలు కుదించే ప్రోగ్రాం కూడా సరిగ్గా అలాగే ఆలోచిస్తుంది. మామూలు విషయానికి రెండు మూడు బిట్లు కేటాయించి, అరుదైన విషయానికి ఎక్కువ చోటు ఇస్తుంది. అబ్రహాం లెంపెల్, జేకబ్ జివ్ 1977లో చూపిన దారి ఇంకా సులువు: ఇంతకుముందు వచ్చిన మాటే మళ్ళీ వస్తే దాన్ని తిరిగి రాయొద్దు, 'వెనక్కి ఇన్ని బైట్లు పోయి అక్కడి నుంచి ఇంత పొడుగు తీసుకో' అని గురుతు పెట్టు. నేటికీ జిప్, జీజిప్ రెండూ ఆ దారిలోనే నడుస్తున్నాయి.

వ్యక్తిత్వ వికాసం పుస్తకంలో ఈ గొడవ ఎందుకని మీరడగొచ్చు. ఈ రోజుల్లో పని చేయడం ఎంతో, చేసిన పనిని అవతలివాళ్ల చేతికి సరిగ్గా అందించడం అంతే. గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు అయినా, ఇంజనీరింగ్ కాలేజీలో ప్రాజెక్టు చేసే పిల్లలైనా, స్వచ్ఛంద సంస్థలో సర్వే లెక్కలు చూసేవాళ్లైనా రోజూ ఏదో ఒక ఫోల్డర్ ఎవరికో పంపుతూనే ఉంటారు. 'పంపించాను సార్' అనేవాళ్లు కోకొల్లలు. 'తెరుచుకుంది, అన్నీ ఉన్నాయి' అని అవతలి నుంచి అనిపించుకునేవాళ్లు కొద్దిమంది. వాళ్లకే పెద్ద పని అప్పగిస్తారు. నేను చూసినంతలో ఇంటర్వ్యూలో బాగా మాట్లాడటం కన్నా ఇది మనిషికి ఎక్కువ కాలం పనికొస్తుంది.

తెలుగువాళ్లకు ఈ విద్యలో ఒక అదనపు లాభం ఉంది, అది చాలామంది గమనించరు. యూనికోడ్ తెలుగు అక్షరాలను ఫైల్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో గురుతుకు మూడు బైట్లు పడతాయి. 'కళ్యాణదుర్గం' తీసుకోండి. క, ళ, పొల్లు, య, దీర్ఘం, ణ, ద, కొమ్ము, ర, మళ్ళీ పొల్లు, గ, సున్న: మొత్తం పన్నెండు గురుతులు, 36 బైట్లు. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే అందులో సగం కూడా పట్టదు. అన్యాయంగా కనిపిస్తుంది గానీ లోపలికి తొంగి చూడండి. ఆ పన్నెండు గురుతుల్లోనూ మొదటి బైటు ఒక్కటే. రెండో బైటు రెండే రకాలు: తొమ్మిదింటికి ఒకటి, పొల్లులకూ కొమ్ముకూ ఇంకొకటి. మారేది మూడో బైటు ఒక్కటే. అంటే తెలుగు ఫైల్లో మూడింట రెండొంతులు దాదాపు ఒకే పాట పాడుతుంటుంది. జీజిప్ చేతికి దొరికితే ఆ భాగమంతా చాలావరకు ఎగిరిపోతుంది. తెలుగు ఫైళ్లు బరువని దిగులు పడేవాళ్లు ముందు కుదించి చూడాలి.

ఇక పనిలోకి దిగుదాం. పుస్తకంలో కమాండ్లను తెలుగు లిపిలో అచ్చు వేశాం. మీరు మాత్రం కీబోర్డు మీద ఇంగ్లీషు చిన్న అక్షరాలే కొట్టాలి. పెద్ద అక్షరం కావలసిన చోట విడిగా చెబుతాను. లినక్స్‌లో టెర్మినల్ ఎలాగూ ఉంటుంది, మాక్‌లోనూ ఉంటుంది. విండోస్ 10లో 2018 నుంచి టార్ కమాండ్ దానంతటదే వస్తోంది. కంప్యూటరే లేదంటారా, ఆండ్రాయిడ్ ఫోన్లో టెర్మక్స్ వేసుకుంటే చాలు. మౌస్‌తో కుడి నొక్కు నొక్కి జిప్ చేసే దారి ఉండగా ఇదంతా ఎందుకంటే, ఒకసారి రాసిన కమాండ్ రేపూ ఎల్లుండీ అదే పని అలాగే చేస్తుంది, రాత్రి పది గంటలకు దానంతటదే చేసేలా పెట్టుకోవచ్చు, ఎక్కడో ఉన్న సర్వర్ మీద కూడా నడుస్తుంది. కుడి నొక్కుకు ఆ ఓపిక లేదు.

'వానలు' అనే ఫోల్డర్ ఉంది. దాన్ని మూట కట్టాలి:

టార్ -సిజెడ్ఎఫ్ వానలు.టార్.జీజెడ్ వానలు

ఇక్కడ రెండు పనులు ఒకేసారి జరుగుతున్నాయి. టార్ చేసేది మూట కట్టడం వరకే. 1979 నాటి యూనిక్స్ ఏడో ఎడిషన్లో వచ్చింది, ఫైళ్లను వరసగా టేపు మీదికి ఎక్కించడానికి పుట్టింది. ఒక్క బైటు కూడా తగ్గించదు. తగ్గించేది జీజిప్. అంతకుముందున్న కంప్రెస్ ప్రోగ్రాం వాడే పద్ధతి మీద పేటెంటు తగాదా ఉండటంతో జాన్-లూ గైయీ, మార్క్ ఆడ్లర్ 1992లో దీన్ని రాశారు. పై కమాండ్లో సి అంటే కొత్త మూట కట్టు, జెడ్ అంటే జీజిప్‌తో కుదించు, ఎఫ్ అంటే దీని తర్వాత వచ్చేదే మూట పేరు.

ఆ ఎఫ్ దగ్గరే కొంప మునుగుతుంది. ఎఫ్ ఎప్పుడూ చివరే ఉండాలి. తొందరలో -సిఎఫ్‌జెడ్ అని కొడితే 'జెడ్' అనే పేరుతో మూట తయారై కూర్చుంటుంది. అంతకన్నా ఘోరం, పేర్లు తారుమారు చేయడం. మూట పేరు ముందు, మూటలో పెట్టాల్సింది తర్వాత. ఫోల్డర్ కాకుండా ఒక్క ఫైలునే మూట కడుతూ, 'వానలు.సీఎస్‌వీ' అనే అసలు ఫైలు పేరు ముందు రాశారో, టార్ దాన్నే మూటగా అనుకుని దాని మీద రాసేస్తుంది. ముప్పై ఏళ్ల లెక్క క్షణంలో ఖాళీ. రద్దు చేసే మీట లేదు, రీసైకిల్ బిన్నూ లేదు. ఎంటర్ కొట్టే ముందు ఆ వరసను నోటితో ఒకసారి చదువుకోండి: 'మూట కట్టు, ఈ పేరుతో, దీన్ని.' పిల్లచేష్టలా ఉంటుంది గానీ కొంప నిలబెడుతుంది.

జీజిప్‌ను విడిగా ఒక్క ఫైలు మీద వాడేటప్పుడు ఇంకో సంగతి. అది కుదించిన ఫైలు తయారవగానే అసలు ఫైలును తీసేస్తుంది. ఫైలు మాయమైందని కంగారు పడొద్దు, పక్కనే .జీజెడ్ తోకతో ఉంటుంది. అసలుదీ ఉండాలంటే -కె చేర్చండి. మధ్యలో కరెంటు పోతే? మన దగ్గర అడగాల్సిన ప్రశ్నే. పని పూర్తయ్యాకే జీజిప్ అసలును ముట్టుకుంటుంది కాబట్టి అది భద్రం. సగంలో ఆగిన .జీజెడ్ ఉంటే దాన్ని చెరిపి మళ్ళీ మొదలుపెట్టండి.

విప్పే ముందు చూడటం అలవాటు చేసుకోవాలి. ఎవరో పంపిన మూటలో ఏముందో తెలియకుండా విప్పితే వందల ఫైళ్లు మీ డెస్క్‌టాప్ నిండా చెల్లాచెదురుగా పడతాయి. లేదా అదే పేరుతో మీ దగ్గరున్న ఫైలు మీద కొత్తది వచ్చి కూర్చుంటుంది. అన్‌జిప్ అయితే 'పాతది తీసేయనా' అని అడుగుతుంది. టార్‌కు ఆ మర్యాద లేదు, చెప్పకుండా రాసేస్తుంది. అందుకే ముందు టి:

టార్ -టిజెడ్ఎఫ్ వానలు.టార్.జీజెడ్

ఇది లోపలున్న పేర్ల జాబితా చూపిస్తుంది, అంతే. అన్నీ ఒకే ఫోల్డర్ కింద ఉన్నాయా, విడివిడిగా ఉన్నాయా తెలిసిపోతుంది. అప్పుడు కొత్త ఖాళీ ఫోల్డర్ ఒకటి తయారు చేసి, టి స్థానంలో ఎక్స్ పెట్టి, చివర -సి (ఇక్కడ సి పెద్ద అక్షరం) అని రాసి ఆ ఫోల్డర్ పేరు ఇవ్వండి. మూట సరాసరి అక్కడే విప్పుకుంటుంది.

విప్పకుండానే వెతకవచ్చని చాలామందికి తెలియదు. జెడ్‌క్యాట్ అనే కమాండ్ కుదించిన ఫైల్లో ఉన్నది తెర మీద చూపిస్తుంది. జెడ్‌గ్రెప్ అయితే 'రాయదుర్గం' అని ఇస్తే ఆ వరసలు మాత్రమే ఏరి పెడుతుంది. డిస్కులో చోటు లేని పాత కంప్యూటర్ మీద ఇది పెద్ద వరం. తెలుగు వికీపీడియా మొత్తం పాఠాన్ని వికీమీడియా వాళ్లు బీజిప్2లో కుదించి అందరికీ ఉచితంగా ఇస్తారు. దాన్ని దించుకుంటే, మొత్తం విప్పకుండానే బీజెడ్‌గ్రెప్‌తో 'పెన్నా' అనో 'హంద్రీ' అనో వెతుక్కోవచ్చు. తెలుగు భాష మీద ప్రాజెక్టు చేసే పిల్లలకు మొదటి రోజు చూపించాల్సిన పని ఇది. ఎందుకో ఎవరూ చూపించరు.

అన్ని ఫైళ్లూ ఇలా కుదించుకుపోవు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది ఇదే జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ పథకం కింద ఏ ఊళ్లోనైనా ఒక పని ఫోల్డర్ ఎలా ఉంటుందో ఊహించండి: కూలీల హాజరు, వేతనాల పట్టికలు కొన్ని, పని దగ్గర ఫోన్‌తో తీసిన ఫొటోలు వందల్లో, స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు ఇంకొన్ని. మూట కట్టి చూస్తే పట్టికలు నలిగి చిన్నవైపోతాయి, ఫొటోలు మాత్రం మొండికేస్తాయి. జేపెగ్ ఫొటో కెమెరాలోనే కుదించబడి వస్తుంది. శెనక్కాయ ఒలిస్తే బస్తా సగమవుతుంది గానీ, ఒలిచిన పప్పును మళ్ళీ ఒలిచి బస్తా తగ్గించలేం కదా. వీడియో, పాట, జిప్ ఫైలు అన్నీ అంతే. జిప్‌ను మళ్ళీ జిప్ చేసేవాళ్లను చూశాను, దానివల్ల ఒరిగేది ఏమీ లేదు. ఫొటోల బరువు తగ్గాలంటే సైజు తగ్గించాలి, అది వేరే పని, దాంతో నాణ్యత పోతుంది. ఆధారంగా చూపాల్సిన ఫొటోలకు ఆ జోలికి పోకండి.

జీజిప్ కన్నా గట్టిగా బిగించేవి ఉన్నాయి. ఎక్స్‌జెడ్ ఒకటి. జీజిప్ వెనక్కి 32 కేబీ మాత్రమే తిరిగి చూస్తుంది, ఎక్స్‌జెడ్ మామూలుగానే 8 ఎంబీ దాకా చూస్తుంది. ఎప్పుడో నెలల కిందటి వరసలో వచ్చిన మాటను కూడా పట్టుకుంటుంది. కానీ టైమూ మెమరీ బాగా తింటుంది. 2016లో ఫేస్‌బుక్ నుంచి వచ్చిన జెడ్‌స్టాండర్డ్ వేగంలో బాగుంటుంది. ఏడాదికోసారి దాచిపెట్టే లెక్కలకు ఎక్స్‌జెడ్, రోజువారీ పనికి జీజిప్ అని నా లెక్క. ఒకటి రెండు ఎంబీల తేడా కోసం గంటసేపు ఎదురుచూడటం నాకు తెలివిగా అనిపించదు. అన్నట్టు 2024 మార్చిలో ఇదే ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు పట్టుకున్నాడు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆరా తీస్తే బయటపడింది. ఇలాంటి పనిముట్లలో లోపం బయటపడగానే వెర్షన్ మార్చుకోవాలనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఏ పద్ధతి వాడాలన్నది మీ ఇష్టం మీద కాదు, అందుకునేవాళ్ల కంప్యూటర్ మీద ఆధారపడుతుంది. మండల ఆఫీసులో ఉన్నది పాత విండోస్ అయితే టార్.ఎక్స్‌జెడ్ పంపి గొప్పలకు పోవద్దు. 1989లో ఫిల్ కాట్జ్ తెచ్చిన జిప్ నేటికీ ఎక్కడైనా తెరుచుకుంటుంది:

జిప్ -ఆర్ వానలు.జిప్ వానలు

ఆర్ లేకపోతే ఫోల్డర్ పేరు ఒక్కటే ఎక్కుతుంది, లోపలి ఫైళ్లు ఎక్కవు. 'అన్నా, తెరిస్తే ఖాళీగా ఉందన్నా' అని ఫోన్ వచ్చిందంటే సాధారణంగా కారణం ఇదే.

తెలుగు పేర్లతో ఇంకో రెండు చిక్కులున్నాయి. జిప్ పుట్టినప్పుడు దాని ప్రమాణంలో తెలుగు లాంటి లిపుల పేర్లకు చోటు లేదు. యూటీఎఫ్-8 పేర్లను గుర్తించే ఏర్పాటు 2006లో గానీ ఆ ప్రమాణంలోకి రాలేదు. పాత ప్రోగ్రాంతో కట్టిన జిప్ తెరిస్తే 'వానలు' బదులు పిచ్చి గీతలు కనిపించేది అందుకే. రెండోది: లినక్స్‌లో ఒక ఫైలు పేరు 255 బైట్లు మించకూడదు. తెలుగు గురుతుకు మూడు బైట్లు కాబట్టి 85 గురుతులతో సరి, పొల్లులూ గుణింతాలూ కలుపుకుని. విండోస్‌లో దీనికి మూడింతల పొడుగు పేరు పెట్టినా నడుస్తుంది. అక్కడ 'గ్రామ పంచాయతీ' అని మొదలుపెట్టి సంవత్సరం, పని పేరు, తేదీ, 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది' దాకా సాగదీసిన పేరు ఇక్కడ విప్పబోతే పేరు మరీ పొడుగని తిరగ్గొడుతుంది. పేరు పొట్టిగా పెట్టి, వివరాలు లోపల ఒక చిన్న టెక్స్ట్ ఫైల్లో రాయండి.

ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్న పట్టికలను పంపేటప్పుడు 'పాస్‌వర్డ్ పెట్టాను కదా' అని ధీమా పడకండి. జిప్ -ఇ తో పెట్టే పాత తరహా తాళం బలహీనమైనది, దాన్ని విప్పే సాధనాలు ఊరికే దొరుకుతాయి. పైగా తాళం వేసినా లోపలి ఫైళ్ల పేర్లు అందరికీ కనిపిస్తూనే ఉంటాయి. 7-జిప్ అనే ప్రోగ్రాంలో 7జెడ్ పద్ధతి వాడితే ఏఈఎస్-256 తాళం పడుతుంది, -ఎంహెచ్ఈ=ఆన్ అని చేరిస్తే పేర్లు కూడా దాగుతాయి. పాస్‌వర్డ్‌ను అదే మెయిల్లో రాసి పంపేవాళ్లకు మాత్రం ఏ తాళమూ పనిచేయదు, ఫోన్ చేసి చెప్పండి.

నెట్ సరిగా లేని ఊళ్లకు పెద్ద మూట పంపాలంటే ముక్కలు చేయాలి. స్ప్లిట్ -బి 20ఎం (ఇక్కడ ఎం పెద్ద అక్షరం) అని మూట పేరు ఇస్తే 20 ఎంబీల ముక్కలు వస్తాయి. అవతలివాళ్లు క్యాట్ అనే కమాండ్‌తో వరసగా కలిపేసుకుంటారు. పంపే ముందు ఎస్‌హెచ్‌ఏ256సమ్ కమాండ్ నడిపితే అంకెలూ అక్షరాలూ కలిపి 64 ఉన్న వరస ఒకటి వస్తుంది. దాన్నీ పంపండి. అక్కడ కలిపిన ఫైలు మీద అదే కమాండ్ నడిపితే అదే వరస రావాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా దారిలో ఏదో చెడినట్టే. సగమే దిగిన ఫైళ్ల విషయంలో ఇంకొక తేడా గుర్తుంచుకోండి: జిప్‌లో ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక ఫైలు చివర ఉంటుంది, కాబట్టి తోక తెగితే అన్‌జిప్ మొత్తం మీద చేతులెత్తేస్తుంది. టార్.జీజెడ్ అయితే తెగిన చోటు దాకా విప్పి, అక్కడ ఆగిపోతుంది.

ఇవన్నీ ఈ వారమే నేర్చుకోనక్కర్లేదు. ఇవాళ ఒక్కటి చేయండి. మీకు ముఖ్యమైన ఫోల్డర్ ఒకటి తీసుకుని మూట కట్టండి. 'పరీక్ష' అని ఖాళీ ఫోల్డర్ చేసి అందులో విప్పండి. ఇప్పుడు డిఫ్ -ఆర్ అని రాసి, పాత ఫోల్డర్ పేరు, పరీక్షలో విప్పిన ఫోల్డర్ పేరు పక్కపక్కన ఇవ్వండి. ఈ కమాండ్ రెండింటినీ బైటు బైటుగా పోల్చి తేడాలుంటే చూపిస్తుంది, లేకపోతే ఏమీ మాట్లాడదు. తెర మీద ఒక్క వరస వచ్చినా మూట మళ్ళీ కట్టండి. ఏమీ రాకపోతే మూట సరిగ్గా ఉంది, పంపేయండి. పాత ఫోల్డర్‌ను మాత్రం అవతలివాళ్లు విప్పి చూసి చెప్పేదాకా చెరపకండి.